కల్లుకుండ మీద కూలిన ప్రభుత్వం

బీరుకు ముందు బార్లీని నానబెట్టి మొలకెత్తించాలి. గింజలోని పిండి చక్కెరగా మారితేనే ఈస్టుకు మేత. కృష్ణా డెల్టాలో కల్లుకు ఆ శ్రమ లేదు; చేలగట్ల మీది తాడిచెట్టు చక్కెరనీళ్లే ఇస్తుంది. శ్రమంతా ఎక్కడంలో, గీతలో ఉంది. మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొసను పల్చగా చెక్కి లొట్టి కట్టాలి. పూటపూటా చెక్కకపోతే ఊట ఆగిపోతుంది. లోతుగా తెగితే గెల పాడవుతుంది. ఆ చేతినేర్పు తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్నదే.

లొట్టి అడుగున మిగిలిన మడ్డిలోనే ఈస్టు ఉంటుంది. తియ్యటి నీరు కొన్ని గంటల్లోనే నురగ కట్టి, ఇంచుమించు బీరంత మత్తుకు చేరుతుంది. ఇంకా ఉంచితే పులిసి వెనిగర్ దారి పడుతుంది. అదే లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు. అది నీరా, కాస్తే తాటిబెల్లం.

ఈ సున్నం పూతే తర్వాత చట్టానికీ నేరానికీ మధ్య గీత అయింది. 1886 అబ్కారీ చట్టంతో మద్రాసు ప్రభుత్వం కల్లు మీద రాబడి పిండుకుంది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. తగ్గిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి నిషేధం రాష్ట్రమంతటా పరుచుకుంది. బెల్లానికి నీరా గీయవచ్చన్నారు కానీ, కల్లు మీద బతికిన ఇళ్లకు బెల్లం చాలలేదు.

తాగుడు ఎన్ని కాపురాలు కూల్చిందో తెలిసే నిషేధం కోరారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే దాని భారమంతా చెట్టెక్కేవాడి నెత్తిన పెట్టడం అన్యాయం.

1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా ఆ నిషేధ చట్టం పోలేదు. నిషేధం ఎత్తేయమని ఎస్.వి.రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహానికి దిగారు. 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో ఈ నిషేధం మీదే వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఒకప్పుడు తెల్లవారి తుపాకీకి గుండె చూపిన ఆంధ్రకేసరి ప్రకాశం పదవి దిగిపోయారు.

ఇంత జరిగినా గీత కార్మికుడికి దక్కింది తక్కువ. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధం మాత్రం 1969 దాకా సాగింది.