కూలిన విగ్రహాలు – నిలిచిన కోటగోడ

2011 మార్చి 10వ తేదీన హైదరాబాదులో మిలియన్ మార్చ్ జరిగింది. ఆ సాయంత్రం నేను గద్వాలలోనే వున్నాను. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలకు తాళ్ళు కట్టి లాగడం, అవి విరిగి హుస్సేన్‌సాగర్ నీళ్ళలో పడడం టీవీలో చూశాను. చూసి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ సంగతి దాచుకోవలసిన అవసరం లేదు. అసలీ వ్యాసం రాయడానికి కారణం ఆ చప్పట్లే.

మర్నాడు మా తెలుగు మాస్టారు స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని ఒకే ఒక్క మాట అడిగాడు: "జాషువాను గూడనా సారూ?"

ఆయన పుట్టింది మాదిగవాడలో. ప్రత్యేక రాష్ట్రం కోసం నాకన్నా ఎక్కువ రోజులు రోడ్డు మీద కూర్చున్న మనిషి. నేను ఏదో సమాధానం చెప్పబోయాను: ఉద్యమ ఆవేశం, దశాబ్దాల అవమానం వగైరా. ఆయన వినిపించుకోలేదు. "ఊరి బయట పెట్టిన మనిషి బొమ్మను ఒక్కసారి పట్నం నడుమ నిలబెట్టినారు. మనోళ్ళే గుంజి నీళ్ళల్ల ఏసినారు" అని లేచి క్లాసుకు వెళ్ళిపోయాడు. ఆయన మాటకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఈ పేజీలలో వెతుక్కుంటున్నాను.

మొదట ఆ విగ్రహాల పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. ట్యాంక్‌బండ్ మీది ముప్ఫై మూడు కంచు విగ్రహాలను 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పెట్టించింది. తెలుగుజాతి అంతా ఒకటేననీ, దాని వైభవం ఇదిగో వరుసగా నిలబడి వుందనీ రాజధానికి వచ్చిన ప్రతివాడికీ చూపించడం వాటి వెనకనున్న ఉద్దేశం. తెలంగాణ వాళ్ళు ఆ వరుసలో అసలు లేరనడం సరికాదు. రుద్రమ వుంది, పోతన వున్నాడు, మఖ్దూం మొహియుద్దీన్ వున్నాడు, మా నడిగడ్డలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి వున్నారు. కాని వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. కొమురం భీం ఆ వరుసలోకి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఎవరి నేల మీద ఎవరి బొమ్మలు నిలబెట్టాలో ఆ నేలవాళ్ళను అడగకుండా నిర్ణయించారన్న కోపం కల్పితం కాదు, న్యాయమైనది. ఈ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను.

అయితే కోపం న్యాయమైనదైతే దాని గురి కూడా న్యాయమైనదేనా? ఆ రోజు కూలినవాటిలో శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య, శ్రీకృష్ణదేవరాయలు, ఆర్థర్ కాటన్ వున్నారు. కూలకుండా నిలిచినవాటిలో ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా వున్నాడు. పాఠకులు ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. చక్రవర్తినీ, చక్రవర్తుల కాలం నుంచీ అంటరానివాడిగా మిగిలినవాడినీ ఒకే తాడుతో లాగారు. జాగీర్దారీ వ్యవస్థకు శిఖరాన కూర్చున్న ప్రభువు మాత్రం చెక్కుచెదరలేదు. మఖ్దూం నిలిచాడు, శ్రీశ్రీ పడిపోయాడు. ఆ ఇద్దరూ ఒకే శిబిరం కవులని అభ్యుదయ సాహిత్యం చదివిన ఏ విద్యార్థికైనా తెలుసు. ప్రాంతం ఒక్కటే గీటురాయి అయితే వర్గమూ కులమూ కంటికి ఆనవు. ఆ సాయంత్రం నా కంటికీ ఆనలేదు.

కాటన్ సంగతి కొంచెం వేరు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా రైతు ఇవాళ్టికీ కాటన్‌కు దండం పెడతాడు. మా వైపు రైతుకు ఆ పేరుతో పని లేదు. పైగా కాటన్ ప్రోత్సాహంతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ సుంకేసుల దగ్గర మా తుంగభద్ర నుంచే బయల్దేరుతుంది. అదే నది మీద ఎగువన రాజోలిబండ దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి గద్వాల, అలంపురం తాలూకాలకు 15.9 టి.ఎం.సి. నీళ్ళు, 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద రాసి వున్నాయి. చివరి భూములదాకా ఆ నీళ్ళు చేరని ఏళ్ళే ఎక్కువ. తూము దగ్గర రాత్రిళ్ళు కాపలా కాసిన కుటుంబాల పిల్లలు నా క్లాసులో కూర్చున్నారు. వాళ్ళకు కాటన్ విగ్రహం ఏమీ చెప్పలేదంటే తప్పు వాళ్ళది కాదు. కానైతే, కాటన్ బొమ్మ నీళ్ళలో పడ్డందువల్ల రాజోలిబండ కాలువలోకి చుక్క నీరు అదనంగా రాలేదు కూడా.

విగ్రహాలు తీసెయ్యడమే తప్పు అనేవాళ్ళున్నారు; చరిత్రను చెరపరాదు అంటారు. ఈ వాదాన్ని నేను ఒప్పుకోలేను. విగ్రహం చరిత్ర కాదు. ఎవరిని గౌరవించాలో ఒకానొక కాలంలో అధికారంలో వున్నవాళ్ళు చేసిన తీర్మానం అది. అమెరికా ఉదాహరణ దీన్ని చక్కగా తేటతెల్లం చేస్తుంది. నీగ్రో బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు 1861 నుంచి 1865 దాకా యుద్ధం చేసి ఓడిపోయాయి. సుమారు నలభై లక్షల మంది బానిసలు విముక్తులయ్యారు. మరి ఓడిన సేనానుల విగ్రహాలు ఎప్పుడు లేచాయి? యుద్ధం ముగిసిన మర్నాడు కాదు. రిచ్‌మండ్‌లో రాబర్ట్ లీ విగ్రహం లేచింది 1890లో. మెంఫిస్ నగర పార్కులో ఫారెస్ట్ విగ్రహం లేచింది 1905లో. నల్లవారి ఓటు హక్కు లాగేసుకుని, రైలు పెట్టెలో, బడిలో వేరు గీతలు గీస్తున్న కాలమే విగ్రహాలు ముమ్మరంగా లేచిన కాలం. ఫారెస్ట్ బానిసల వ్యాపారి; యుద్ధం తరువాత కూ క్లక్స్ క్లాన్‌కు తొలి నాయకుడు. ఆ పార్కులో నడిచే నల్లపిల్లవాడికి ఆ గుర్రపు రౌతు ఏ చరిత్ర పాఠం చెబుతున్నట్టు? నీ చోటు ఎక్కడో మరిచిపోకు అని.

వాటిని తొలగించిన తీరు కూడా తెలుసుకోదగ్గది. న్యూ ఆర్లియన్స్ నగరపాలక సంఘం బహిరంగ విచారణలు జరిపి, ఓటు వేసి, కోర్టులలో గెలిచి, 2017లో నాలుగు స్మారకాలను దించింది. మెంఫిస్‌లో రాష్ట్ర చట్టం అడ్డుపడింది. ప్రభుత్వ స్థలంలోని స్మారకాన్ని అనుమతి లేకుండా కదపరాదన్నది. నగరపాలక సంఘం ఏం చేసిందంటే, 2017 డిసెంబరు 20వ తేదీన రెండు పార్కులనూ ఒక్కొక్కటి వెయ్యి డాలర్ల చొప్పున ఒక లాభాపేక్ష లేని సంస్థకు అమ్మేసింది. స్థలం ప్రభుత్వానిది కాకుండా పోయింది, ఆ రాత్రే విగ్రహాలు దిగిపోయాయి. మా జిల్లా ప్లీడర్లకు ఈ ఎత్తు చెబితే ముచ్చటపడ్డారు. షార్లట్స్‌విల్‌లో మాత్రం నెత్తురు కారింది. లీ విగ్రహాన్ని కాపాడతామంటూ 2017 ఆగస్టులో శ్వేతజాతి దురహంకారులు ఊరేగారు. వాళ్ళను ఎదిరించిన జనం మీదికి ఒకడు కారు తోలి హెదర్ హేయర్ అనే యువతిని చంపాడు. ఆ విగ్రహం 2021లో దిగింది, 2023లో కరిగించారు.

అంత దూరం పోనక్కరలేదనుకుంటే మద్రాసు వుంది. 1857లో కాశీలో, అలహాబాదులో జనాన్ని చెట్లకు వేలాడదీయించిన కల్నల్ నీల్‌కు మౌంట్ రోడ్డు మీద విగ్రహం పెట్టారు. దాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం చేసిన యువకులు సుత్తులూ గొడ్డళ్ళూ పట్టుకు వెళ్ళి జైళ్ళపాలయ్యారు. పదేళ్ళు గడిచాక, 1937లో రాజాజీ మంత్రివర్గం కాలంలో, దాన్ని తీసి మ్యూజియంలో పెట్టారు. నీల్ ఎవరో, ఏం చేశాడో ఈనాటికీ అక్కడ చదువుకోవచ్చు. చరిత్ర చెరిగిపోలేదు, దండలు వేయించుకునే అధికారం మాత్రం పోయింది.

నీల్‌నూ ఫారెస్ట్‌నూ జాషువా పక్కన నిలబెట్టి చూడండి. ఒకరి కంచుబొమ్మ పీడకుడి బొమ్మ. రెండోవారిది పీడితుడి బొమ్మ. రెండింటినీ "పరాయి" అనే ఒకే మాటతో కొట్టెయ్యడం ఎక్కడి న్యాయం? నేను ఆనాడు చప్పట్లు కొట్టినప్పుడు ఈ తేడాను అడగలేదు. మా తెలుగు మాస్టారు అడిగాడు.

ఈ నడుమ ఇంకొక వివాదం మా ఇంటి గడప దాకా వచ్చింది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడింది. పొట్టి శ్రీరాములు పేరుతో చాలా కాలం నడిచింది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆ పేరు మార్చి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ బిల్లు ఆమోదించింది. నడిగడ్డవాడిగా నాకు గర్వం కలగలేదంటే అబద్ధం. సురవరం 1896లో మా ప్రాంతంలో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక నెలకొల్పారు. నిజాం పాలనలో తెలుగు అక్షరానికి నిలువనీడ కల్పించారు. రాజుల వంశావళులను పక్కకు నెట్టి జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట చరిత్రగా రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వచ్చింది. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమతి, ఆయన పోయాక, 1955లో దానికే వచ్చింది. విశ్వవిద్యాలయానికి ఇంతకన్నా తగిన పేరు వెతికినా దొరకదు.

మరి తీసేసిన పేరు సంగతో? పొట్టి శ్రీరాములును ఆంధ్రరాష్ట్రం కోసం యాభై ఎనిమిది రోజులు పస్తుండి 1952 డిసెంబరు 15న చనిపోయిన మనిషిగానే రెండు ప్రాంతాలూ గుర్తుపెట్టుకున్నాయి. అంతకుముందు 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష పట్టిన సంగతి కోస్తాలోనూ, ఇక్కడా ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆయన బొమ్మలు నిలబెట్టినవాళ్ళకు కావలసింది రాష్ట్రసాధకుడే గాని గుడితలుపు తట్టినవాడు కాదు. పేరు మార్పు శాసనసభలో చర్చ జరిగి, రికార్డుకెక్కి జరిగింది. రాత్రికి రాత్రి తాళ్ళతో కాదు. ఆ పద్ధతి సరైనదేనంటాను. కారణం మాత్రం పలచగా వుంది: ఆయన అటువైపు వారు, ఈయన ఇటువైపు వారు అన్న పాత లెక్కే.

సురవరం తానే ఇలాంటి వివాదంలో ఏం చేశారో ఈ సందర్భంలో ఎవరూ గుర్తుచెయ్యలేదు. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాస్తే, ఆయన మూడు వందల యాభై నలుగురు కవులను వూరూరా వెతికించి, 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చువేసి చూపించారు. అవతలివాళ్ళ కవుల జాబితా చింపలేదు. అయితే ఈ ఉదాహరణ అన్నిచోట్లా పనిచేయదు. ఫారెస్ట్ విగ్రహం పక్కన నల్లవాడి విగ్రహం చేర్చితే సరిపోతుందన్నవాళ్ళు అమెరికాలోనూ వున్నారు. అది దోపిడీదారుకు తోడు దొరకడమే.

ఇక మా కోట. గద్వాల సంస్థానాధీశుల కోటలోనే, ఆఖరి సంస్థానాధిపతి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజి నడుస్తోంది. నేను చదువుకున్నది అందులోనే. వనపర్తి సంస్థానం రాజభవనంలో పాలిటెక్నిక్ వుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాక దివాణాలు బడులయ్యాయి. గోడ ఒక్కటి కూల్చకుండానే దాని అర్థం మారిపోయింది. పన్ను కట్టలేని రైతును నిలబెట్టిన ప్రాంగణంలో రైతు కూతురు పరీక్ష రాస్తుంది. కూల్చివేతల కన్నా ఇది పెద్ద మార్పని నా నమ్మకం. ఐతే సగమే జరిగింది. "విద్వద్గద్వాల" అని, కవులకు శాలువాలు కప్పిన ఊరని చెప్పే ఉపన్యాసాలు నా ఉద్యోగకాలమంతా విన్నాను. ఆ శాలువాల ఖర్చు ఎవరి కళ్ళం నుంచి వచ్చిందో, వెట్టి ఎవరు చేశారో చెప్పిన ఉపన్యాసం ఒక్కటీ వినలేదు. నేనిచ్చిన ఉపన్యాసాలు కూడా చాలాకాలం అట్లాంటివే.

స్మారకాల పట్ల మన భక్తికి ఇంకొక కొలబద్ద వుంది. శ్రీశైలం జలాశయంలో కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతుందని తెలిసి, దాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి తిరిగి నిలబెట్టారు. చక్కని పని, వెళ్ళి చూడదగిన గుడి. అదే జలాశయం కోసం 1981లో, మాటుకు ఆపరేషన్ డెమాలిషన్ అనే పేరు పెట్టి, కృష్ణ ఒడ్డు ఊళ్ళలో నిలిచివున్న ఇళ్ళను మనుషులుండగానే కూలగొట్టారు. ఆ కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. దాని నకలు మడతపెట్టి జేబులో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయినవాళ్ళు నాకు తెలుసు. ఆ ఊళ్ళ పేర్లు ఏ పార్కులోనూ ఏ రాతి మీదా చెక్కి లేవు.

ట్యాంక్‌బండ్ మీద విరిగినవాటి స్థానంలో ప్రభుత్వం తరవాత కొత్త విగ్రహాలు పెట్టించింది. ఉద్యోగం నుంచి తప్పుకున్నాక నేనూ మా తెలుగు మాస్టారూ పని మీద హైదరాబాదు వెళ్ళి, సాయంత్రం నడుస్తూ జాషువా దగ్గర ఆగాం. ఈ పీఠం మీద "2011 మార్చి 10న మేము దీన్ని కూల్చాం" అని రాయించాలి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆ మాటగూడ మీ సంగతే అయితది గని ఆయన సంగతి గాదు సారూ. రాయిస్తే ఆయనను గుడిలకెందుకు రానియ్యలేదో అది రాయించుండ్రి" అన్నాడు. బస్సు దొరికేదాకా వాదించుకున్నాం. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.