అంకెలు చదివితే ఇనుము వింది

మార్చి 2 హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్ పుట్టినరోజు. 2023లో అదే రోజున ఫాక్స్‌కాన్ అధిపతి యంగ్ లియూ చేతుల మీదుగా ఆ భవనం ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల చోటు, అందులో రకరకాల యంత్రాలు. సొంత షెడ్డు లేని మనిషి కూడా అక్కడికి వెళ్లి, తన బుర్రలో మెదిలిన వస్తువుకు లోహంలో రూపం ఇచ్చుకోవచ్చు. ఇలాంటి ఉమ్మడి వర్క్‌షాపుల్లో పిల్లలు ముందుగా 3డి ప్రింటర్ చుట్టూ మూగుతారు. నా చూపు మాత్రం మూలన అద్దాల తలుపుల వెనుక పనిచేసే సీఎన్‌సీ (కంప్యూటర్ అంకెలతో నడిచే) మిల్లింగ్ మెషీన్ మీదే ఉంటుంది. ఈ పుట్టినరోజు పేరు చెప్పి దాని కథ చెప్పుకుందాం.

లేత్ మెషీన్‌లో జాబ్, అంటే చెక్కాల్సిన లోహపు ముక్క, తిరుగుతుంది, కట్టర్ నిలకడగా ఉంటుంది. మిల్లింగ్‌లో తిరిగేది కట్టర్. జాబ్‌ను వైస్‌లో బిగించి, బల్లను అటూ ఇటూ జరుపుతూ అక్కర్లేని లోహాన్ని చెక్కేస్తారు. ఇది రాకముందు వందల ఏళ్లు చదును చేయాలన్నా, గాడి తీయాలన్నా ఉలి, సుత్తి, ఆకురాయి తప్ప దిక్కు లేదు. 19వ శతాబ్దం మొదట్లో అమెరికా తుపాకుల కార్ఖానాల్లో మిల్లింగ్ యంత్రం రూపం దిద్దుకుంది. చాలాకాలం ఆ ఘనతంతా ఎలీ విట్నీ ఖాతాలో వేశారు. తర్వాతి పరిశోధకులు మాత్రం అది ఒక్కడి పని కాదని తేల్చారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో డ్రిల్ బిట్ల మెలిక గాడులను ఆకురాయితో రుద్ది తీస్తున్నారు. ఆ బాధ తీర్చడానికే ప్రావిడెన్స్‌లో జోసెఫ్ బ్రౌన్ యూనివర్సల్ మిల్లింగ్ మెషీన్ చేశాడు. 1862లో మొదటిది అమ్ముడైంది. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో యంత్రాలు బలిశాయి, వేగం పెరిగింది. చక్రం తిప్పే చెయ్యి మాత్రం మనిషిదే.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం.

మిషిగన్ రాష్ట్రంలో ట్రావర్స్ సిటీ అనే ఊరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో జాన్ పార్సన్స్ అనే యువకుడు అక్కడ మూతపడిన ఫర్నిచర్ ఫ్యాక్టరీలో సికోర్‌స్కీ హెలికాప్టర్లకు రెక్కలు తయారుచేసేవాడు. రెక్క అంచు వంపును సికోర్‌స్కీ వాళ్లు 17 బిందువులుగా పంపేవారు. చుక్కల ముగ్గు కలిపినట్టు వాటిని చేత్తో కలిపి, ఆ గీత ప్రకారం కొయ్య అచ్చు చేసుకోవాలి. అంతలో ఒక రెక్క విరిగింది. ఎందుకు విరిగిందని వెతుకుతూ పోయిన పార్సన్స్‌కు, రెక్క లోపలి కొయ్య భాగాలకు బదులు రేకు వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. రేకును వంచాలంటే ఉక్కు అచ్చు కావాలి. ఉక్కులో అంత నాజూకైన వంపు తీసేదెలా?

సలహా కోసం రైట్ ఫీల్డ్‌కు, సైన్యం వైమానిక పరిశోధన కేంద్రానికి వెళ్లాడు. అక్కడ ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజినీరు కలిశాడు. కాసేపు మాట్లాడేసరికి, ఈయనకు శాస్త్రం పెద్దగా తెలియదని స్టూలెన్ గ్రహించాడు. స్టూలెన్ గ్రహించిన సంగతి పార్సన్స్ కూడా పసిగట్టాడు. చిన్నబుచ్చుకోలేదు సరికదా, అక్కడికక్కడే తన కంపెనీలో ఉద్యోగం ఇచ్చాడు. తనకు తెలియనిది తెలిసినవాణ్ని వెంటనే పక్కన కూర్చోబెట్టుకున్న ఆ గుణం దగ్గరే సీఎన్‌సీ చరిత్ర మొదలైందని నా నమ్మకం.

1946లో చేరిన స్టూలెన్, ఒత్తిళ్ల లెక్కల కోసం ఐబీఎం పంచ్ కార్డుల యంత్రాలను వాడటం మొదలుపెట్టాడు. వాటిని చూసి పార్సన్స్ ఒక ప్రశ్న వేశాడు: 17 చుక్కలకు బదులు 200 చుక్కలు లెక్కగట్టగలదా? స్టూలెన్ గట్టించాడు. పైగా ప్రతి చుక్కనూ కట్టర్ వ్యాసార్ధం మేర పక్కకు జరిపించాడు. ఎందుకంటే తిరిగే కట్టర్‌కు మందం ఉంటుంది, దాని నడిబొడ్డు వంపు మీద నడిస్తే సగం మందం మేర లోపలి లోహం పోతుంది. అంకెల పట్టికలు వర్క్‌షాపుకు వచ్చాయి. ఒక మనిషి పట్టిక పట్టుకుని గట్టిగా చదివేవాడు. ఎక్స్ చక్రం దగ్గర ఒకడు, వై చక్రం దగ్గర ఇంకొకడు. అంకె వినబడగానే ఇద్దరూ తమ తమ చక్రాలు తిప్పి బల్లను సరైన చోటికి తెచ్చేవారు, కట్టర్‌ను కిందికి దించి లోహం తీసేవారు. మళ్లీ పైకి, మళ్లీ ఇంకో జత అంకెలు. మిగిలిన గరుకు అంచులను ఆకురాయితో నున్నగా చేస్తే అచ్చు సిద్ధం.

అంకెలు చదివే ఆ గొంతు స్థానంలో కార్డును, చక్రం తిప్పే చేతుల స్థానంలో మోటార్లను పెడితే చాలు కదా అన్నదే ఆ తర్వాతి అడుగు. 1949లో వైమానిక దళం పార్సన్స్‌కు కాంట్రాక్టు ఇచ్చింది. మోటార్ల నియంత్రణ కోసం ఆయన ఎంఐటీ విశ్వవిద్యాలయంలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబ్ సాయం అడిగాడు. పోనుపోను పని మొత్తం ఎంఐటీ చేతుల్లోకి వెళ్లి, పార్సన్స్ పక్కకు జరగాల్సి వచ్చింది. 1952 సెప్టెంబర్‌లో ఎంఐటీ తమ యంత్రాన్ని జనానికి చూపించింది. సిన్సినాటీ కంపెనీ మిల్లింగ్ మెషీన్, చిల్లుల కాగితపు టేపు, రెండు వందలకు పైగా వాక్యూమ్ ట్యూబులు, వాటిని మోసే పెద్ద పెద్ద బీరువాలు. ఒక్కో విద్యుత్ స్పందనకు బల్ల అంగుళంలో రెండువేలవ వంతు జరిగేది. పేటెంట్ మాత్రం 1958 జనవరి 14న పార్సన్స్, స్టూలెన్‌లకే దక్కింది. 1985లో వాళ్లిద్దరికీ అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ వచ్చింది. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే రోజుల్లో, నేర్పున్న ఆపరేటర్ చేసి చూపిన కదలికలను రికార్డు చేసి యంత్రం చేత మళ్లీ చేయించే పద్ధతి కూడా ఉండేది. దాన్ని పక్కనపెట్టి అంకెల పద్ధతిని ముందుకు తోయడంలో, పనిమీద పట్టును వర్క్‌షాపు నుంచి ఆఫీసుకు మార్చాలన్న యాజమాన్యాల కోరిక ఉందని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ఒక గ్రంథమే రాశాడు. అంకెలు పుట్టింది ముగ్గురు కార్మికుల మధ్య, చివరికి అవి చేరింది తలుపులు వేసిన గదుల్లోకి. ఉమ్మడి వర్క్‌షాప్ ఆ తలుపులు తెరిచింది కాబట్టే నాకు దాని మీద ఇంత మమకారం.

మన దగ్గర యంత్రపరికరాలకు పాత చరిత్రే ఉంది. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. బాలానగర్ సందుల్లో ఒక్కో షెడ్డు నుంచి ఒక్కో కట్టర్ చప్పుడు వినిపిస్తుంది, వినగానే ఏది ఇత్తడో ఏది ఉక్కో చెప్పగల ఆపరేటర్లు అక్కడ ఉన్నారు.

ఉమ్మడి వర్క్‌షాప్ కథకు వస్తే, ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో దాదాపు ఏ వస్తువునైనా తయారుచేయడం నేర్పే కోర్సు పెట్టాడు. దాని నుంచే ఫ్యాబ్ ల్యాబ్‌లు అనే ఉమ్మడి వర్క్‌షాపులు పుట్టాయి. అమెరికా బయట తొలి ఫ్యాబ్ ల్యాబ్ 2002లో ఎక్కడ వెలిసిందో తెలుసా? పుణె జిల్లాలోని పాబల్ అనే పల్లెలో, డాక్టర్ కల్బాగ్ 1983లో స్థాపించిన విజ్ఞాన్ ఆశ్రమంలో.

ఇక్కడి నుంచి కథ పాయలు పాయలుగా చీలిపోతుంది. 2006లో కాలిఫోర్నియాలో మొదలై చందా కట్టినవాళ్లందరినీ యంత్రాలు వాడుకోనిచ్చిన టెక్‌షాప్, 2017లో దివాలా ప్రకటించి మూతపడింది. మరోపక్క 2009లో వచ్చిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆర్డుయినో అనే ఒక చిన్న సర్క్యూట్ బోర్డే మిల్లింగ్ యంత్రాన్ని నడిపే స్థితి వచ్చింది. ఒకప్పుడు బీరువాల్లో పట్టిన పని అరచేతిలోకి దిగింది. కొందరు ఇంట్లోనే చిన్న యంత్రం పెట్టుకున్నారు. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు, రాయదుర్గం భవనం తెరవకముందే, టీ-వర్క్స్ బృందం వెంటిలేటర్ నమూనా చేసే పనిలో దిగింది.

యంత్రం చౌకైంది, పనితనం చౌక కాలేదు. పది మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలో ఒక బ్రాకెట్ తీయాలనుకోండి. కంప్యూటర్‌లో బొమ్మ గీసి, దాన్ని జీ-కోడ్‌గా మార్చడం సులువే. జీ0 అంటే గాలిలో వేగంగా జరగమని, జీ1 అంటే తిన్నగా కోస్తూ వెళ్లమని, ఎం3 అంటే కట్టర్‌ను పట్టుకునే స్పిండిల్ తిప్పమని. అసలు పని వైస్ దగ్గర మొదలవుతుంది. జీరో సెట్ చేయాలి, అంటే జాబ్ మూల ఎక్కడుందో యంత్రానికి చెప్పాలి. జాబ్ అంచుకు, ఆగివున్న కట్టర్‌కు మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, మిల్లీమీటర్‌లో నూరోవంతు చొప్పున కట్టర్‌ను దగ్గరకు జరుపుతారు. వేళ్లతో కదిపే కాగితం ఒక్కసారిగా పట్టేస్తుంది. కాగితం మందం 0.1 మి.మీ., కట్టర్ ఆరు మి.మీ.ది అయితే, దాని నడిబొడ్డు అంచుకు 3.1 మి.మీ. దూరంలో ఉన్నట్టు. స్టూలెన్ ఆనాడు పంచ్ కార్డులతో జరిపించిన వ్యాసార్ధమే ఇది.

తర్వాత ఫీడ్, అంటే కోస్తూ జరిగే వేగం. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండు పళ్ల కట్టర్, ఒక్కో పన్ను 0.03 మి.మీ. చొప్పున కొరికితే నిమిషానికి 600 మి.మీ. జరగాలి. మరీ నెమ్మదిగా జరిపితే పన్ను కోయడం మాని రుద్దుతుంది, వేడెక్కిన అల్యూమినియం మెత్తబడి కట్టర్ గాడుల్లో అతుక్కుంటుంది, మరుక్షణం కట్టర్ విరుగుతుంది. కొత్తవాళ్లు భయంతో వేగం తగ్గించి పోగొట్టుకునే కట్టర్లే ఎక్కువ. అందుకే మొదట కట్టర్‌ను పైకెత్తి ప్రోగ్రాం మొత్తం గాలిలో నడిపిస్తారు. చేతికి గ్లవ్స్ వద్దు, చున్నీ వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి, ఒక చెయ్యి ఎప్పుడూ యంత్రాన్ని ఆపే ఎర్ర స్విచ్ దగ్గరే.

ఇవన్నీ వీడియోల్లో దొరుకుతాయి. కానీ కట్టర్ గొంతు మారగానే ఫీడ్ పెంచు బాబూ అని వెనుక నుంచి చెప్పే మనిషి వీడియోలో దొరకడు. వరంగల్‌లో, గుంటూరులో, కర్నూలులో ప్రభుత్వాలు రేపు ఇలాంటి వర్క్‌షాపులు పెడితే, యంత్రాల టెండర్‌తో పాటే మరో పద్దు కూడా రాయాలి. ముప్పై ఏళ్లు మిల్లింగ్ చేసి రిటైరైన ఆపరేటర్లకు జీతమిచ్చి, కాలేజీ, ఆఫీసు వేళలు ముగిశాక రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా యంత్రం పక్కన కూర్చోబెట్టాలి.