కరెంటు తీగ మీద అంతర్జాలం

మా ధర్మపురి ఇంట్లో శుక్రవారం నాడు అంతర్జాలం నిషిద్ధంగా ఉండేది. ఇదేదో నృసింహస్వామి వారి ఆచారమనుకునేరు, కాదు. ఆ రోజుల్లో దుబాయిలో సెలవు శుక్రవారం. అక్కడ పనిచేసే మా అన్న ఆనాడే ఫోను చేసేవాడు. ఇంటికున్న ఒకే ఒక్క తీగను డయలప్ మోడెము ఆక్రమించుకుని కూర్చుంటే, వారానికొక్కసారి వచ్చే ఆ పిలుపు రాదు. "నీ నెట్టు బందు వెట్టు రా, అన్న ఫోన్ చేసే యాళ్ళయింది" అని అమ్మ వంటింట్లోంచి కేక వేసేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇంటికొకరు గల్ఫుకు పోయిన వాడలెన్నో ఉన్నాయి. కనుక మా వైపు ఇంటికి ఏ దారిన అంతర్జాలం తెచ్చుకోవాలన్నది కేవలం వేగానికి సంబంధించిన ప్రశ్న ఎన్నడూ కాలేదు.

దేశంలో సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. 2004 నాటి ప్రభుత్వ విధానం కనీసం 256 కిలోబిట్ల వేగముంటే "బ్రాడ్‌బ్యాండ్" అనవచ్చునని తీర్మానించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ వారి డేటావన్ మొదలయ్యింది. మా ఊరిదాకా రావడానికి మరికొంత కాలం పట్టిందనుకోండి. మన తరం బ్లాగరులకు దానితో గుర్తుండేది రాత్రి 2 నుండి ఉదయం 8 వరకు ఉచితమన్న పథకం. అలారం పెట్టుకుని లేచి దిగుమతులు చేసుకున్నవారు చేతులెత్తండి! అయితే మా ఇంట్లో పండుగ దానికి జరగలేదు. తీగ చివర బిగించిన చిన్న స్ప్లిట్టరు డబ్బాకు జరిగింది. మాట ఒక పౌనఃపున్యంలోను, జాలం మరొకదానిలోను ఒకే రాగితీగ మీద సాగిపోసాగాయి. శుక్రవారపు నిషేధం తొలగింది.

నిస్తంత్రి మార్గం గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో రూపొందించిన కార్‌డెక్ట్ గాలి మీదుగా ఫోనునూ, 35 లేదా 70 కిలోబిట్ల జాలాన్నీ ఒకేసారి ఇంటికి తెచ్చింది. పల్లెలకు అన్ని మైళ్ళ రాగితీగ లాగలేమన్న వాస్తవం నుండి పుట్టిన ఆలోచన అది. తరువాత డేటా కార్డులు, 2016 సెప్టెంబరులో జియో రాక మీకు తెలిసినవే. చూస్తుండగానే అమ్మ చేతిలో చిత్రంతో సహా అన్న. కాకపోతే ఎమిరేట్సులో వాట్సాప్ మాటలకు అనుమతి లేదు. అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లనే వెతుక్కోవాలి. ఇక్కడ ఎంత వేగమున్నా ఆ కొసన తలుపు మూసి ఉంటే చేసేదేముంది?

నన్ను చాలాకాలం వెంటాడినది మూడో దారి. ఫోను లేని ఇంటికీ కరెంటు ఉంది కదా, ఆ తీగ మీదే అంతర్జాలం పంపితే? వినడానికి ఇంత సహజమైన ఊహ మరొకటి లేదు. పైగా మా పొరుగున సిరిసిల్లలో 1970లోనే సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడింది. దేశంలో ప్రయోగాత్మకంగా నెలకొల్పిన తొలి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో అది ఒకటి. ఊరివారే సభ్యులుగా ఉన్న స్తంభాలు, తీగలు! విద్యుత్ శాఖల వారు సబ్‌స్టేషన్ల మధ్య హైటెన్షన్ తీగల మీదనే దశాబ్దాలుగా మాట్లాడుకుంటున్నారు కూడాను.

ఇతరులు ప్రయత్నించి చూశారు. ఇంగ్లండులోని మాంచెస్టరులో నార్‌వెబ్ అనే ప్రయోగాన్ని 1997లో ఘనంగా ప్రకటించారు, 1999లో విరమించారు. కరెంటు తీగలు కవచం లేనివి. వాటి మీద షార్ట్‌వేవ్ పౌనఃపున్యాలు పంపితే అవి ఏంటెనాలై గాలిలోకి వెదజల్లుతాయి. అక్కడ వీధిదీపాల స్తంభాలే ఆ పని చేశాయట. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు మనాసస్ పట్టణం 2005లో ఊరంతటికీ ఈ సేవ నందించింది. హామ్ రేడియోవారు మొరపెడుతూనే ఉన్నారు; చివరకు 2010లో పట్టణమే దాన్ని మూసివేసింది.

రేడియో గోల ఒక్కటే కారణం కాదు. ఈ సంకేతాలు ట్రాన్స్‌ఫార్మరును దాటలేవు; ప్రతి దాని దగ్గరా పక్కదారి కట్టాలి. ఆ పక్కదారిదాకా జాలాన్ని తెచ్చేది మళ్ళీ మరో తీగే! ఇక మరమగ్గాల సిరిసిల్లలో, వ్యవసాయ మోటార్ల మా పల్లెల్లో ఒక్కో స్విచ్చి వేసినప్పుడల్లా ఆ తీగ మీద పుట్టే అలజడిని ఊహించుకోండి.

అయినా కరెంటు శాఖ ఋణం మరో విధంగా తీరింది. తీగ ఓడిపోయిన చోట స్తంభం గెలిచింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ గాజుతీగను విద్యుత్ స్తంభాల మీదుగా లాగి, 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకు జాలం, టీవీ, ఫోను ఇస్తామన్నది. తెలంగాణ మరో భుజం వెతుక్కుంది: మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే టి-ఫైబర్ గొట్టాలు వేశారు. నాకైతే మన ఇళ్ళకు జాలం ఎప్పుడూ తన కాళ్ళ మీద నడిచి రాలేదనిపిస్తుంది. ఫోను, కేబుల్ టీవీ, కరెంటు, నీళ్ళు, వీటిలో ఏదో ఒకదాని భుజమెక్కే వచ్చింది.

భుజమెక్కడంలో ప్రమాదమూ ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు మరణించారు. ఆ పిమ్మట స్తంభాలపై వేలాడే కేబుళ్ళను విద్యుత్ సంస్థ కోయించడం, వ్యవహారం హైకోర్టుకెక్కడం చూశాం. రథోత్సవం జరిగే ఊరివాణ్ణి కనుక ఆ వార్త నన్ను చాలా కలవరపెట్టింది. ఇక కోతులు సరేసరి. కాశీలో గంగ ఒడ్డున వేసిన గాజుతీగలను అవి కొరికివేస్తున్నాయని 2015లో వార్తలు వచ్చాయి. గోదావరి ఒడ్డున మా కోతులేమైనా తక్కువ తిన్నాయా?

ఇప్పుడు మా ఇంటికీ గాజుతీగ వచ్చింది. మోడెము ముందరి గదిలో, అమ్మ మంచం వెనుక గదిలో. నడుమ రెండడుగుల మట్టిగోడలు. వై-ఫై వాటిని దాటదు. పాత మోజు చావక కరెంటు సాకెట్లలో గుచ్చే పవర్‌లైను ఎడాప్టర్ల జత కొన్నాను. ఇంట్లోవి ఇంట్లోనే తిరుగుతాయి కనుక ట్రాన్స్‌ఫార్మరు బెడద లేదు. రాత్రిపూట చక్కగా పనిచేశాయి. పొద్దున మిక్సీ వేస్తే చాలు, అన్న ముఖం తెర మీద ముక్కలయ్యేది. ఇన్వర్టరు మీదికి మారితే అదీ లేదు.

చివరకు దూలం వెంబడి ఇరవై మీటర్ల నెట్‌వర్కు కేబులు లాగి, గోడకు రంధ్రం వేయించి, అమ్మ గదిలో మరో చిన్న వై-ఫై డబ్బా పెట్టాను. మేస్త్రీ గోడ తొలుస్తున్నంతసేపూ అమ్మ నన్ను తిడుతూనే ఉంది, తాతల నాటి గోడ పాడుచేస్తున్నానని. ఆ సాయంత్రం అన్నకు ఆ రంధ్రాన్నే మొదట చూపించింది.