ఆన్‌లైన్ పోకర్‌లో వరుస ఓటములు.. దురదృష్టమా? ఆటలోనే లోపమా? లెక్కలు ఏం చెబుతున్నాయంటే..

చేతిలో రెండు ఆసులు. ఎదుటివాడి దగ్గర రెండు కింగులు. డబ్బంతా మధ్యలోకి వెళ్లిపోయింది. ఆఖరి ముక్కగా కింగ్ పడింది. అంతే, నెల రోజుల కష్టం ఒక్క క్లిక్‌తో పోయింది. ఇలా ఒకసారి జరిగితే ఎవరైనా నవ్వేసి ఊరుకుంటారు. కానీ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఇదే నడిస్తే? పోకర్ ఆడేవాళ్లు దీన్ని ‘డౌన్‌స్వింగ్’ అంటారు. ఆట బాగా వచ్చినవాళ్లను కూడా వదలని దశ ఇది. ఆట రానివాళ్లు తమ నష్టాలకు చెప్పుకునే సాకు కూడా ఇదే. ఈ రెండింటిలో మీది ఏది అన్నది తేల్చుకోవడమే అసలు సమస్య.

82 శాతం అంటే గెలిచినట్టు కాదు

ఆసుల జతకు, కింగుల జతకు మధ్య డబ్బంతా పెట్టేస్తే ఆసులు గెలిచే అవకాశం సుమారు 82 శాతం. అంటే ప్రతి 11 సార్లలో రెండుసార్లు ఓడిపోవడం మామూలే. వరుసగా మూడుసార్లు ఓడిపోవడం కూడా వింతేం కాదు, దాదాపు 170కి ఒక అవకాశం ఉంటుంది. టేబుల్ మీద ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్లకు ఇది ఏళ్లకోసారి ఎదురుకావచ్చు. ఆన్‌లైన్‌లో అలా కాదు. క్యాసినోలో గంటకు 25 నుంచి 30 హ్యాండ్లు పంచితే, ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే 60, 70 దాటుతాయి. నాలుగు టేబుళ్లు తెరుచుకుని కూర్చున్నవాడికి గంటకు 250 వరకు వస్తాయి. అదృష్టం, దురదృష్టం రెండూ అంతే వేగంగా వస్తాయి.

నాణెం ఉదాహరణ చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 100 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా 5 సార్లు ఒకే వైపు పడటం దాదాపు ఖాయం. మనిషి బుర్ర మాత్రం ఆ వరుసను చూసి ‘ఏదో జరుగుతోంది’ అనుకుంటుంది. సైట్ మోసం చేస్తోందనో, ఆ టేబుల్ కలిసిరాలేదనో, కొత్త అకౌంట్ తెరవాలనో అనిపించేది అప్పుడే.

మంచి ఆటగాడు కూడా ఎంతకాలం ఓడొచ్చు?

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. పోకర్‌లో గెలుపోటములను ‘బిగ్ బ్లైండ్ల’లో కొలుస్తారు. ప్రతి ఆటకు ముందు ఒక ఆటగాడు తప్పనిసరిగా పెట్టే పందెం అది. మామూలుగా టేబుల్ మీదకు 100 బిగ్ బ్లైండ్లతో వస్తారు. దాన్నే ఒక ‘బై-ఇన్’ అంటారు. ఆరుగురు ఆడే నో-లిమిట్ టేబుల్ మీద 100 హ్యాండ్లకు సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలిచేవాడంటే గట్టి ఆటగాడు కిందే లెక్క. అయితే ఆ 100 హ్యాండ్లలో పైకీ కిందకీ ఊగే ఊపు దాదాపు 100 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. సంపాదన 5, ఊగిసలాట 100. కథంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది.

ఆ లెక్కన ఇంత గట్టి ఆటగాడు కూడా 10,000 హ్యాండ్లు ఆడిన తర్వాత నష్టంలోనే ఉండే అవకాశం 30 శాతం పైనే. లక్ష హ్యాండ్లు ఆడితే అది 6 శాతానికి తగ్గుతుంది. అదే 100 హ్యాండ్లకు రెండున్నర బిగ్ బ్లైండ్లే గెలిచే ఓ మోస్తరు ఆటగాడైతే, లక్ష హ్యాండ్ల తర్వాత కూడా ఐదుగురిలో ఒకరు నష్టంలోనే ఉంటారు. ఇలాంటివాళ్లకు 20 బై-ఇన్‌లు కరిగిపోయే దశ రావడం కొత్తేమీ కాదు.

క్యాసినోలో వారానికి 8 గంటలు ఆడేవాడికి 10,000 హ్యాండ్లు పూర్తి కావడానికి తొమ్మిది నెలలకు పైగా పడుతుంది. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్లు ఆడేవాడికి అది 40 గంటల పని. అందుకే ‘ఈ నెలంతా ఓడాను, నాకు ఆట రాదు’ అనడం ఎంత తొందరపాటో, ‘ఈ నెలంతా గెలిచాను, ఉద్యోగం మానేస్తా’ అనడం కూడా అంతే తొందరపాటు. రెండోదే ఎక్కువ కొంపలు ముంచింది!

కోట్ల డాలర్లు పోగొట్టుకున్నవాళ్లు

ప్రపంచంలో పేరున్న ఆటగాళ్లు దీనికి అతీతులేమీ కాదు. 2009 చివర్లో ‘ఇసిల్డర్1’ అనే పేరుతో ఆన్‌లైన్‌లో ఆడిన స్వీడన్ కుర్రాడు విక్టర్ బ్లోమ్, అమెరికా ఆటగాడు బ్రియాన్ హేస్టింగ్స్ చేతిలో ఒక్క రోజులో, కొన్ని గంటల్లోనే సుమారు 42 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. డెన్మార్క్‌కు చెందిన గస్ హాన్సెన్ టోర్నీల్లో పెద్ద పేరున్న ఆటగాడు. ఆయన ఫుల్ టిల్ట్ పోకర్ సైట్‌లో కొన్నేళ్లలో పోగొట్టుకున్నది 2 కోట్ల డాలర్ల పైమాటే. ఇది కేవలం దురదృష్టం కాదు. తనకంటే మెరుగైనవాళ్లు ఉన్న టేబుళ్ల మీద, తనకు అంతగా అలవాటు లేని రకాలను పెద్ద పందేలతో ఆడితే లెక్కలు ఎవరినీ వదలవు.

కోపం వచ్చిందంటే ఆట మారుతుంది

వరుసగా ఓడినవాడు మామూలుగా ఆడడు. దీన్ని ‘టిల్ట్’ అంటారు. పిన్‌బాల్ మెషీన్‌ను కోపంతో ఊపేస్తే అది ‘టిల్ట్’ అని చూపించి ఆగిపోయేది. ఆ మాటే పోకర్‌లోకి వచ్చింది. టిల్ట్ అంటే అరిచి మౌస్ విసిరేయడమే అనుకుంటే పొరపాటు. ఎక్కువమందిలో అది చప్పుడు లేకుండా వస్తుంది. పక్కన పడేయాల్సిన ముక్కలతో కూడా ఆడేస్తారు. ఎదుటివాడి దగ్గర మంచి ముక్కలున్నాయని తెలిసీ ‘చూద్దాంలే’ అని డబ్బు కట్టేస్తారు. 12 గంటలకు ఆపేద్దామనుకున్నది తెల్లవారుజామున 4 అవుతుంది.

పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటుంటారు. పేకాట దగ్గర ఈ మాటంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రచురించిన సిద్ధాంతం దీన్నే వివరిస్తుంది. 1,000 రూపాయలు వస్తే కలిగే సంతోషం కన్నా, 1,000 పోతే కలిగే బాధ ఎక్కువ. నష్టంలో ఉన్న మనిషి దాన్ని చెరిపేయడానికి మామూలుగా తీసుకోని రిస్కులు తీసుకుంటాడు. ‘ఇన్నిసార్లు ఓడాను కాబట్టి ఇక గెలుపు నాదే’ అనే నమ్మకం కూడా పాతదే. 1913 ఆగస్టులో మాంటెకార్లో క్యాసినోలో రౌలెట్ బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపే వస్తుందని పందెం పెంచుకుంటూ పోయినవాళ్లంతా మునిగిపోయారు. ముక్కలకు, బంతికి జ్ఞాపకశక్తి ఉండదు.

నిజంగా దురదృష్టమేనా? ఇలా తెలుస్తుంది

ఆన్‌లైన్‌లో ఉన్న సౌకర్యం ఏంటంటే, ఆడిన ప్రతి హ్యాండ్ రికార్డు ఉంటుంది. పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్లు, సైట్ అనుమతించిన చోట, వాటిని గ్రాఫ్‌గా చూపిస్తాయి. అందులో ఒక గీత నిజంగా వచ్చిన డబ్బుది. రెండోది, డబ్బంతా పెట్టేసిన సమయాల్లో ముక్కల బలాన్ని బట్టి రావాల్సిన డబ్బుది. మొదటి గీత కిందకు పడుతుంటే, రెండోది పైకి పోతుంటే దురదృష్టం వాటా ఉన్నట్టే. రెండూ కలిసి కిందకు జారుతుంటే మాత్రం అదృష్టాన్ని తిట్టుకుని లాభం లేదు. అయితే ఈ రెండో గీత కూడా పూర్తి నిజం చెప్పదు. మంచి ముక్కలతో ఇంకా మంచి ముక్కలకు దొరికిపోయిన సందర్భాలను అది సరిచేయదు.

ఇంకో అంకె కూడా చూసుకోవాలి. వంద హ్యాండ్లలో ఎన్నింటిలో కావాలని డబ్బు పెట్టారన్నది. ఆరుగురి టేబుల్ మీద గెలిచే ఆటగాళ్లకు ఇది ఎక్కువగా 20 నుంచి 30 మధ్య ఉంటుంది. ఓటములు మొదలయ్యాక 24 కాస్తా 35 అయిందంటే టిల్ట్ మొదలైనట్టే. కోపం లేదని ఎంత చెప్పుకున్నా అంకె అబద్ధమాడదు.

వీటన్నిటి వెనకా ఎక్కువమంది లెక్కలోకి తీసుకోనిది ‘రేక్’. ప్రతి పాట్ నుంచి సైట్ తీసుకునే కమీషన్ అది. ఒక పరిమితికి లోబడి చాలాచోట్ల 5 శాతం వరకు ఉంటుంది. సమానంగా ఆడే ఇద్దరు 1,000 రూపాయల పాట్లు 20 ఆడి, చెరో 10 గెలిచినా, 5 శాతం చొప్పున 1,000 రూపాయలు సైట్‌కే పోతాయి. ఇద్దరూ ఓడినట్టే, ఎవరూ గెలవనట్టే! చిన్న పందేల టేబుళ్ల మీద దీని దెబ్బ ఇంకా ఎక్కువ. కాబట్టి సంవత్సరాలుగా ‘కలిసిరావడం లేదు’ అనే ఆటగాళ్లలో చాలామందిది డౌన్‌స్వింగ్ కాదు. వాళ్ల ఆట రేక్‌ను దాటలేకపోతోంది, అంతే.

అనుభవజ్ఞులు ఏం చేస్తారంటే..

మొదట పందెం తగ్గిస్తారు. 100 డాలర్ల టేబుల్ నుంచి 50కో 25కో దిగుతారు. అహం అడ్డొచ్చి చాలామంది చేయనిది ఇదే. రెండు మూడు బై-ఇన్‌లు పోతే ఆ రోజుకు ఆట కట్టేస్తారు. అలసిన బుర్రతో మరింత నష్టం రాకుండా చూసుకోవడమే దీని ఉద్దేశం, అదృష్టంతో దీనికి సంబంధం లేదు. ఆడే డబ్బును ఇంటి డబ్బుతో కలపరు. ఆడే స్థాయికి కనీసం 30 నుంచి 50 బై-ఇన్‌లు పక్కన ఉండాలని, వందల మందితో పోటీపడే టోర్నీలకైతే 100కు పైగా కావాలని చెబుతారు. ఓడిన హ్యాండ్లతో పాటు గెలిచినవీ తనకంటే బాగా ఆడేవాళ్లకు చూపించి, ఫలితం చెప్పకుండా అభిప్రాయం అడుగుతారు. ఫలితం ముందే చెబితే సలహా మారిపోతుంది మరి.

తెలుగువాళ్లకు చట్టం ఏం చెబుతోంది?

తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా ఇందులో లేదు. నిర్వహించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. కేంద్ర చట్టంలో ఆటగాళ్లకు శిక్ష లేదు. దేశంలోని పెద్ద పోకర్ సైట్లు డబ్బు ఆటలు ఆపేశాయి.

దాంతో కొందరు విదేశీ సైట్ల వైపు, ఏజెంట్లు నడిపే ప్రైవేట్ క్లబ్బుల వైపు వెళ్తున్నారు. ఓటముల్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడిగే దిక్కుండదు. అప్పు మీద చిప్స్ దొరికితే నష్టానికి హద్దే ఉండదు. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీతో పాటు పెన్సిల్వేనియా, మిషిగన్, నెవాడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే. అక్కడ నష్టానికి ఇంకో మెలిక ఉంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో వచ్చిన నష్టాల్లో 90 శాతమే గెలుపుల నుంచి తీసేసుకోవచ్చు. లక్ష డాలర్లు గెలిచి, లక్షా ఓడినవాడు కూడా 10,000 మీద పన్ను కట్టాల్సి రావచ్చు.

ఇది ఆట దాటిపోయిందంటే..

అద్దె డబ్బు, పిల్లల ఫీజు ఆటలోకి వెళ్తుంటే, లోన్ యాప్‌లో అప్పు తీసి మరో యాప్‌కు కడుతుంటే, ఇంట్లో బ్యాంక్ మెసేజ్‌లు దాస్తుంటే గ్రాఫులతో పని లేదు. వైద్యులు దీన్ని జూద వ్యసనంగా గుర్తిస్తారు. అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం 2013 నుంచి దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. దీనికి చికిత్స ఉంది. కౌన్సెలింగ్‌తో పాటు కార్డులు, యూపీఐ కొన్నాళ్లు ఇంట్లో ఇంకొకరి చేతిలో పెట్టడం, లైసెన్స్ ఉన్న సైట్లలో అయితే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ పెట్టుకుని తమను తామే బ్లాక్ చేయించుకోవడం ఇందులో భాగం. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసం ‘షట్’ పేరుతో ప్రత్యేక క్లినిక్ ఉంది.

అప్పుల ఒత్తిడితో చావు ఆలోచనలు వస్తున్నవాళ్లు, అలాంటి వ్యక్తి ఇంట్లో ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి 24 గంటల్లో ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు జూదం సమస్యల కోసం 1-800-426-2537 నంబర్ అందుబాటులో ఉంది.