థేమ్సు ఒడ్డున కెల్మ్‌స్కాట్

ఇంగ్లండు చరిత్ర యనగానే మనకు రాజుల వరుస, పార్లమెంటు, నౌకాయుద్ధములు జ్ఞప్తికి వచ్చును. చిన్ననాడు మనము చదివిన పాఠ్యగ్రంథములు అట్టివి. ఆ దేశపు పల్లెలను గురించి అవి చెప్పినది బహు స్వల్పము. అందుచేత రాజులెవ్వరును కాపురముండని, యుద్ధమేదియు జరుగని ఒక చిన్న పల్లెను గురించి ఈ ప్రసంగములో ముచ్చటింపదలచితిమి.

లండను నగరములో ఓడల రేవై గంభీరముగా కనిపించు థేమ్సు నది పడమట కాట్స్‌వోల్డు కొండల చెంత కెంబుల్ అను ఊరి పొలములలో పుట్టుచున్నది. అక్కడ అది వేసవిలో తడియైనను కనబడని సన్నని వాగు. తూర్పుగా ప్రవహించి లెచ్‌లేడ్ అను చిన్న పట్టణము చేరునప్పటికి పడవలు నడచునంతటి నది యగును. లెచ్‌లేడ్ నుండి రెండు మూడు మైళ్లు దిగువకు పోయినచో ఎడమ ఒడ్డున కెల్మ్‌స్కాట్ గ్రామము కలదు. కోయెన్‌హెల్మ్ అను ప్రాచీన ఆంగ్లేయుని కుటీరము అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఆ కోయెన్‌హెల్మ్ ఎవడో చరిత్రకు తెలియదు. అతని గుడిసె మాత్రము ఊరి పేరులో నిలిచిపోయినది.

ఊరంతయు రాతితో కట్టినది. కాట్స్‌వోల్డు ప్రాంతపు సున్నపురాయి బూడిదవన్నెలో తేనెరంగు కలిసినట్లుండును. ఇండ్ల గోడలు ఆ రాయి. పైకప్పులును ఆ రాయియే. పెద్ద పెద్ద రాతిపలకలను నిలువుగా భూమిలో పాతి దొడ్లకు కంచె వేసిరి. మన పల్లెలలో నాపరాళ్లు పాతి వేయు కంచెలను చూచినవారికి ఇది కొత్తగా తోచదు. పైకప్పు వేయు విధమును మాత్రము కొంచెము చెప్పవలెను. పలకలన్నియు ఒక్క పరిమాణములో ఉండవు. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయినకొలది చిన్నవి, వెన్ను దగ్గర అరచేయి వెడల్పువి పేర్చెదరు. బరువంతయు క్రిందను, గోడల మీదను పడును. వాననీరు ఎక్కువగా పారు చోట అతుకులు తక్కువగా ఉండును. గనిలో దొరికిన చిన్నపలక కూడ వృథా కాదు. ఇందులో శిల్పశాస్త్రము చదివిన వాడెవ్వడును లేడు. తండ్రి చేతి పని చూచి కొడుకు నేర్చిన విద్య ఇది.

నది ఆ ఊరికి అలంకారము కాదు, ఇరుగుపొరుగు. శీతకాలమున పొంగి పచ్చికబయళ్లను ముంచును. ఆ ఒండ్రు వలన వేసవిలో గడ్డి ఏపుగా పెరుగును. ఆ గడ్డి కోసి ఎండబెట్టి పశువులకు దాచుటయే ఊరివారి సంవత్సరములో పెద్ద పని. నదికి మరియొక ఉపయోగము రాకపోకలు. లెచ్‌లేడ్ రేవు నుండి జున్ను లండనుకు పోయెడిది. ఆ రేవులలోనే రాతిని కూడ పడవల కెత్తెడివారు. 1789లో సెవర్న్ నదిని థేమ్సుతో కలుపు కాలువ పూర్తియై లెచ్‌లేడ్ చెంత కలిసినది. ఇక పడవలు బొగ్గును కూడ తెచ్చినవి.

అయితే ఆ ఎగువ నదిలో పడవ నడపుట మనము ఊహించునంత సుఖమైన పని కాదు. నీరు తక్కువ. అందుచేత అక్కడక్కడ కొయ్యతో నీటికట్టలు కట్టిరి. నది అడుగున ఒక దూలము, పైన ఒక దూలము. వాని నడుమ నిలువు కొయ్యలు. ఆ కొయ్యల కానించి పిడులు గల పలకలు. పలకలు దించియుంచినచో నీరు ఎగువన నిలుచును. పడవ రాగానే కట్టవాడు పలకలను, కొయ్యలను ఒక్కొక్కటిగా పీకివేయును. నిలిచిన నీరు ఒక్కసారిగా ఉరుకును. దిగువకు పోవు పడవ ఆ ఉరుకుతో పాటు జారిపోవలెను. ఎగువకు పోవు పడవను ఒడ్డున రాట్నము వంటి యంత్రమునకు త్రాడు కట్టి ఉరుకునకు ఎదురుగా లాగవలెను. ఎండకాలమున నీరు చాలక, పడవవారు రోజుల తరబడి ఒకే చోట పడియుండెడివారు. మరవాండ్లు తమ పిండిమరల కొరకు నీటిని వదలమనిరి, పడవవాండ్లు వదలుమనిరి. ఈ జగడము కొన్ని శతాబ్దుల పాటు సాగినది. గోదావరి కాలువల క్రింది రైతులకు ఈ కథ వేరుగా వివరింప నక్కరలేదు. థేమ్సు మీద ఇట్టి పాతరకపు నీటికట్టలలో కడపటిది కెల్మ్‌స్కాట్ సమీపముననే యుండెను. ఈటన్ కట్ట యని దాని పేరు. 1930ల దశకములో దానిని తొలగించి ఆ చోట కొయ్యతో కాలివంతెన వేసిరి.

ఊరి చివర, నదికి కొద్ది దూరములో, 1600 ప్రాంతమున టర్నర్ అను కాపు కుటుంబమువారు కట్టుకొన్న రాతి యిల్లు కలదు. వారు ప్రభువులు కారు. సొంత భూమి దున్నుకొను మోతుబరి రైతులు. పంతొమ్మిదవ శతాబ్దిలో దానికి కెల్మ్‌స్కాట్ మేనర్ అను గొప్ప పేరు వచ్చినదే కాని, అది పుట్టుకతో కమతపుటిల్లు. ఆ యింటిని 1871లో ఇద్దరు లండను వాసులు కలిసి అద్దెకు తీసికొనిరి. ఒకడు చిత్రకారుడు, కవి అయిన డాంటే గేబ్రియల్ రొసెట్టి. రెండవవాడు విలియం మోరిస్. మోరిస్ భార్య జేన్‌కును రొసెట్టికిని గల స్నేహమును గురించి గ్రంథములు పెక్కు వెలువడినవి. ఆ విషయము మాకిక్కడ అప్రస్తుతము. రొసెట్టి 1874లో వెడలిపోయెను. మోరిస్ మాత్రము 1896లో మరణించువరకు ఆ యింటిని విడువలేదు.

మోరిస్ కవి; అంతకు మించి పనివాడు. గోడలకు అతికించు రంగుకాగితములు, తివాచీలు, అద్దకపు బట్టలు, కుర్చీలు, గాజుచిత్రములు తయారుచేసి అమ్ము సంస్థకు యజమాని. యంత్రము తెచ్చిన నాసిరకపు వస్తువులను చూచి రోసి, పూర్వపు చేతిపనులను ఒక్కొక్కటిగా తానే నేర్చుకొనెను. కెల్మ్‌స్కాట్ అతనికి బడి వంటిది. తోటలో గానపక్షులు స్ట్రాబెరీ పండ్లను దొంగిలించుచుండగా చూచి 1883లో గీసిన నమూనా నేటికిని లోకప్రసిద్ధము. నది ఒడ్డున వంగిన విల్లో కొమ్మలు 1887లో గోడకాగితమైనవి. థేమ్సులో కలియు ఉపనదుల పేర్లను వరుసగా తన అద్దకపు బట్టలకు పెట్టెను: విండ్‌రష్, కెన్నెట్, ఈవెన్‌లోడ్, వాండిల్. బట్టలకు నదుల పేర్లు పెట్టిన వర్తకుని మేము వేరొకనిని ఎరుగము.

ఆ బట్టలలోని నీలిరంగు సంగతి తెలుగువారు ప్రత్యేకముగా వినదగినది. మోరిస్ కాలమున రసాయనపు రంగులు అప్పుడే అంగడిలోనికి వచ్చుచుండెను. అవి చౌక, కాని వెలిసిపోవును. మోరిస్ వానిని అసహ్యించుకొని నీలిమందు, మంజిష్ఠ వంటి పూర్వపు రంగులను ఆశ్రయించెను. 1875 తరువాత లీక్ అను పట్టణమున థామస్ వార్డిల్ అను రంగరితో కలిసి స్వయముగా తొట్లలో చేతులు ముంచి పని నేర్చెను. చేతులు మోచేతుల దాక నీలమై యుండెడివట. ఆ రోజులలో ఇంగ్లండుకు నీలిమందు ముఖ్యముగా మన దేశమునుండియే పోవుచుండెను. అందులో మద్రాసు రాజధాని సరకును వర్తకులు కర్పా అనెడివారు. అది మన కడప పేరే. పూలు అద్దిన నూలుబట్టను ఆంగ్లేయులు పిలుచు చింట్జ్ అను మాటయు మన దేశపు ఛీంట్ నుండి వచ్చినదే. మచిలీపట్టణమున 1611లో ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థానము పెట్టిన పిమ్మట తీరాంధ్రపు అద్దకములు సముద్రము దాటి పోయినవి. అక్కడి నేతగాండ్రు తమ కూడు పోయినదని మొఱపెట్టగా 1701లోను 1721లోను ఆ దేశమువారు ఇట్టి బట్టలపై నిషేధపు చట్టములు చేసిరి. పిమ్మట వారే యంత్రముపై అద్దకము నేర్చి మన అద్దకమును దెబ్బతీసిరి. మోరిస్ తన దేశపు యంత్రాద్దకమును కాదని వెనుకకు పోయి నేర్చిన పనులు, ఈ తీరమున పెడన, మచిలీపట్టణముల వారి తాతలకు నిత్యకృత్యములు.

ఇంతవరకు చెప్పినది పూలు, పక్షులు, నది. ఇట్టి పల్లెలను చూచి పరవశించువారు సాధారణముగా ఇక్కడ ఆగిపోవుదురు. ఆగరాదని మా అభిప్రాయము. ఈవెన్‌లోడ్ అను పేరుతో మోరిస్ 1883లో ఒక సుందరమైన బట్ట అద్దించెను. సరిగా దానికి 10 సంవత్సరముల క్రిందట, 1873 మే మాసమున, ఆ ఈవెన్‌లోడ్ నది ఒడ్డుననే, కెల్మ్‌స్కాట్‌కు ఉత్తరముగా పదునైదు మైళ్ల లోపున గల ఆస్కాట్ అను పల్లెలో వ్యవసాయకూలీలు కూలి పెంపు కోరి పని మానిరి. అంతకు ముందు సంవత్సరమే జోసెఫ్ ఆర్చ్ అను కూలీ నాయకత్వమున ఇంగ్లండు కూలీల జాతీయసంఘము వెలసినది. ఒక కమతదారు పొరుగూరినుండి కూలీలను పిలిపించెను. ఆస్కాట్ స్త్రీలు వారి కడ్డము పోయి, పనిలో దిగవద్దని వారించిరి. దానికి 16 మంది స్త్రీలకు శిక్ష పడినది: కొందరికి 10 దినములు, కొందరికి 7 దినములు కఠిన కారాగారము. తీర్పు చెప్పిన న్యాయాధికారులిద్దరును క్రైస్తవ మతాచార్యులు. శిక్షపడిన వారిలో ఇద్దరి ఒడిలో చంటిబిడ్డలుండిరి. ఆ బిడ్డలును తల్లులతో చెరసాలకు పోయిరి. తీర్పు చెప్పిన పట్టణమున ఆ రాత్రి అల్లరి చెలరేగగా, స్త్రీలను చీకటిలోనే బండ్లపై ఆక్స్‌ఫర్డు జైలుకు తరలించిరి. దేశమంతట గగ్గోలు పుట్టెను. 1875లో పార్లమెంటు చట్టము మార్చి, శాంతముగా కాపు కాచుట నేరము కాదని నిర్ణయించెను.

ఈవెన్‌లోడ్ అద్దకముపై ఆ స్త్రీల జాడ లేదు. మోరిస్‌ను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. అతడే ఆ 1883 జనవరిలో సామ్యవాదుల సంఘములో చేరెను. తాను చేయు అందమైన వస్తువులు ధనికుల యిండ్లకు తప్ప పోవుట లేదన్న బాధ అతనిని కడదాక పీడించెను. 1890లో వ్రాసిన ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’ అను కల్పితకథలో, పేదరికము లేని భావికాలపు జనులు థేమ్సుపై పడవలలో ఎగువకు పోయి గడ్డికోతల వేళకు ఒక పాత రాతియింటికి చేరుదురు. ఆ యిల్లు కెల్మ్‌స్కాట్ ఇల్లే. ఆ ప్రయాణమును తాను నిజముగా చేసియున్నాడు: 1880 ఆగస్టులో భార్యాబిడ్డలతో, స్నేహితులతో లండనులోని హామర్‌స్మిత్ ఇంటినుండి సుమారు 130 మైళ్లు పడవపై వచ్చెను. కథలోని గడ్డికోత పండుగ. నిజమైన కెల్మ్‌స్కాట్‌లో గడ్డికోత పది పన్నెండు షిల్లింగుల వారకూలికి పొద్దు పొడుపు నుండి పొద్దు గూకువరకు చేయు చాకిరి.

మరియొకటి గమనింపవలెను. 1870ల చివరినుండి అమెరికా గోధుమలు చౌకగా దిగుమతియై, దానికి తోడు 1879లో వానలకు పంటలు కుళ్లి, ఇంగ్లండు వ్యవసాయము కూలబడినది. యువకులు పట్టణములకు, సముద్రము దాటి కెనడాకు, ఆస్ట్రేలియాకు వెడలిరి. పల్లెలలో క్రొత్త యిండ్లు కట్టు శక్తి ఎవరికి నుండినది? పాత చూరులు, పాత కంచెలు చెక్కు చెదరక నేటికి నిలిచినవన్న, అందులో కొంత ఆనాటి లేమియు కలదు. చిత్రపటము వంటి పల్లెను చూచి మెచ్చుకొనునప్పుడు ఈ మాట మరువరాదు.

ఉన్నవానిని నిలుపుటలో మోరిస్ కృషి తక్కువది కాదు. పాత దేవాలయములను బాగుచేయు నెపమున గోడలు గీకి, క్రొత్త రాయి తొడిగి, వయస్సంతయు తుడిచివేయుట ఆనాటి వేడుక. దాని నెదిరించి 1877లో ప్రాచీన భవనముల రక్షణ సంఘమును స్థాపించెను. కారుచున్న కప్పు బాగుచేయుము, పడనున్న గోడకు ఊతమిమ్ము, మిగిలినది ముట్టకుము అని ఆ సంఘము పద్ధతి. ఇంగుల్‌షమ్ అను పొరుగూరి చిన్న చర్చి ఆ విధముగనే బాగుపడినది. మన దేవాలయములపై ఇసుక చిమ్మి, రంగులు పూయు ధర్మకర్తలు ఆ చర్చిని ఒక్కసారి చూచిన మేలని మాకు తోచును.

1873లో లెచ్‌లేడ్‌కు రైలుబండి వచ్చినది. 1896 అక్టోబరు 3వ తేదీన మోరిస్ లండనులో మరణింపగా, మృతదేహము ఆ రైలుపైననే వచ్చెను. స్టేషనునుండి కొమ్మలతోను తీగలతోను అలంకరించిన రైతుబండి మీద, జోరున కురియు వానలో, కెల్మ్‌స్కాట్ చర్చి ఆవరణమునకు తెచ్చిరి. ఫిలిప్ వెబ్ అను మిత్రుడు చెక్కించిన సమాధిశిల ఇంటి కప్పు ఆకారములో, ఏటవాలుగా, నేలబారుగా ఉండును.

భార్య జేన్ 1902లో భర్త జ్ఞాపకార్థము ఊరిలో రెండు కుటీరములు కట్టించెను. కుమార్తె మే గొప్ప కుట్టుపని నేర్పరి. 1907లో లండనులో స్త్రీ శిల్పుల సంఘమును నెలకొల్పినవారిలో నొకతె. ఆమె 1938లో మరణించు పర్యంతము ఆ యింటనే నివసించెను. ఊరివారు కూడుకొనుటకు ఆమె పూనికపై కట్టిన సభామందిరమును 1934లో బెర్నార్డ్ షా ప్రారంభించెను. 1962లో కెల్మ్‌స్కాట్ మేనర్ లండనులోని పురాతత్త్వ సంఘము వశమైనది. ఆ సంవత్సరమే లెచ్‌లేడ్ రైలుమార్గము మూతపడినది. మరమ్మతుల పిమ్మట 2022లో ఇంటిని తిరిగి ప్రజలకు తెరచిరి. యాత్రికులు వచ్చి గోడకాగితముల నమూనాలు కొనుక్కొని పోవుచున్నారు.

ఆస్కాట్‌కు పోవువారు అంతమంది లేరు. అక్కడ ఊరి పచ్చికబయలులో ఒక చెట్టు చుట్టును, చెరసాలకు పోయిన 16 మంది స్త్రీల జ్ఞాపకార్థము, నూరేండ్లు నిండిన 1973లో, పలుమూలల కొయ్యబల్ల నొకటి అమర్చిరి.