గొర్రెపాలు త్రాగిన కుక్కపిల్ల

ఇంటికి కుక్కపిల్ల వచ్చిన దినము పిల్లలకు పండుగ. ఆ పండుగతో తనకేమియు సంబంధము లేదన్నట్లు బీరువాపై కెక్కి, వీపు విల్లువలె వంచి, తోక కుంచెవలె ఉబ్బించి చూచు ప్రాణి యొకటి ఉండును. అది ఆ యింటి పాత పిల్లి. మా యింట ఇట్టి పండుగ జరిగినప్పుడు మూడు దినములు పిల్లి అన్నమునకు రాలేదు. కుక్కకును పిల్లికిని జాతివైరమనియు, పిల్లను తెచ్చినచోటికే పంపివేయుట మంచిదనియు పెద్దలు తీర్పు చెప్పినారు. అట్లు తిరుగగొట్టబడిన పిల్లల గతి మనకు తెలియనిది కాదు. చేతులు మారి మారి తుదకు వీధి చేరును. కనుక ఆ తీర్పు అమలుకు ముందు ఒకసారి చరిత్రను సాక్ష్య మడుగ దలచితిమి.

1833 నవంబరులో చార్లెస్ డార్విన్ ఇరువదినాలుగేండ్ల యువకుడు. దక్షిణ అమెరికాలో, నేడు ఉరుగ్వే అనబడు దేశమున, గుఱ్ఱముపై తిరుగుచుండగా అతనికొక వింత కనబడినది. పచ్చికబయలులో పెద్ద గొర్రెలమంద. కొన్ని మైళ్ల మేర ఇల్లు లేదు, మనిషి లేడు. కాపున్నవి ఒకటి రెండు కుక్కలు మాత్రమే. మన గొల్లలును, కురుమలును మందవెంట కుక్కల నుంచుకొనుట మన మెరిగినదే. కాని కాపరి లేని మందను కుక్క తానే కాచుట అతనికి ఆశ్చర్యము కలిగించినది. ఆరా తీయగా తెలిసిన పద్ధతి యిది. కుక్కపిల్లను మిక్కిలి పసితనముననే తల్లినుండి వేరుచేయుదురు. దినమునకు మూడు నాలుగు మారులు గొర్రెను పట్టి నిలిపి దాని పొదుగున పాలు కుడిపింతురు. దొడ్డిలోనే దానికి ఉన్నితో పడక అమర్తురు. ఇతర కుక్కలతోగాని, ఇంటి పిల్లలతోగాని కలియనీయరు. అట్లు పెరిగిన కుక్కకు మందయే బంధువర్గము.

1839లో వెలువడిన తన యాత్రాగ్రంథమున డార్విన్ మరొక ముచ్చట వ్రాసినాడు. ఈ కుక్క దినమున కొకసారి మాంసపుముక్కకై ఇంటికి వచ్చును. ముక్క నోట పడగానే సిగ్గుపడినట్లు తప్పుకొని పోవును. ఇంటికుక్కలు, వానిలో అల్పమైనది సహితము, ఈ పరాయిదానిని తరుముకొని పోవును. మందను చేరిన మరుక్షణము అది వెనుదిరిగి మొఱగును. అంతటితో ఇంటికుక్కలు తోక ముడుచును. ఒకే జాతి కుక్కలు ఒండొంటికి పరాయివైనవి. గొర్రెలు కుక్కకు తనవారైనవి. జాతివైరమను మాట ఇక్కడ కొంత సడలుచున్నది.

కాపరులకు అనుభవముచే తెలిసిన ఈ విషయమును శాస్త్రజ్ఞులు లెక్క కట్టుటకు నూరేండ్లకు పైగా పట్టినది. అమెరికాలోని మేన్ రాష్ట్రమున బార్ హార్బర్ అను ఊరి ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను ఇరువురు ఐదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పరిశీలించి, 1965లో గ్రంథము ప్రకటించినారు. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారము వరకు గల కాలము కీలకమైనదని వారు తేల్చినారు. ఆ తొమ్మిది వారములలో ఎవరితో మెలగిన వారు తనవారు. తరువాత తారసపడినవారిపై భయము ముందు పుట్టును. 1961లో అచ్చటనే ప్రకటింపబడిన ఒక ప్రయోగములో, మనిషి పొడ దాదాపు సోకకుండ పదునాలుగు వారములు పెరిగిన పిల్లలు అడవిజంతువులవలె మనిషిని చూచి పారిపోయినవి.

పిల్లుల సంగతి అంతకు ముందే చైనా శాస్త్రజ్ఞుడు జింగ్‌యాంగ్ కువో పరీక్షించినాడు. 1930లో అతడు ప్రకటించిన లెక్క యిది. ఎలుకలను చంపు పెద్దపిల్లులను చూచుచు పెరిగిన 21 పిల్లికూనలలో 18 ఎలుకలను చంపినవి. ఎలుకతోనే ఒక బోనులో పెరిగిన 18 కూనలలో చంపినవి మూడే. ఆ తరువాత 1969లో మైకేల్ ఫాక్స్ అను పశువైద్యుడు చువావా జాతి కుక్కపిల్లలను పిల్లికూనల నడుమ పెంచి చూచినాడు. అవి తోడి కుక్కలకన్న పిల్లుల సాంగత్యమునే కోరుకొన్నవి!

ఈ జ్ఞానము పుస్తకములలోనే నిలిచిపోలేదు. 1970ల చివర రేమండ్ కాపింజర్ దంపతులు ఐరోపా, టర్కీ దేశముల కాపలాకుక్కల సంతతిని అమెరికా రైతులకిచ్చి, ఉరుగ్వే పద్ధతి వంటి దానినే పునరుద్ధరించినారు. నమీబియాలో 1994 నుండి మేకల మందలలో టర్కీజాతి కుక్కపిల్లలను పెంచుచు వచ్చినారు. కుక్క మేకను కాచినచో రైతు చీతాపై తుపాకి ఎత్తడు. ఆస్ట్రేలియా దక్షిణతీరమున వార్నాంబూల్ కెదురుగా మిడిల్ ఐలండ్ అను చిన్న దీవి కలదు. అలలు తగ్గినవేళ నక్కలు నడచి దాటిపోగలవు. వందలుగా నుండిన చిన్నజాతి పెంగ్విన్లు 2005 నాటికి పదిలోపునకు దిగినవి. 2006లో అచట మరెమ్మా కుక్కలను కాపుంచగా పక్షులు మరల వంద దాటినవి. 2017లో వాతావరణము చెడి కుక్కలను దీవికి చేర్చలేని దినములలో నక్కలు దూరి 140 వరకు పక్షులను చంపినవి.

మా యింటికి వచ్చిన పిల్ల వయస్సు ఎనిమిది వారములు. దానికి గడువు మిగిలియున్నది. ఏడేండ్ల పిల్లికి గడువు ఏనాడో తీరినది. తొందర కుక్కపిల్ల పక్షమునను, ఆలస్యము పిల్లి పక్షమునను ఉన్నది. మేము ఈ చిక్కును ముందు గ్రహింపలేదు. రెంటిని ఒకేనాడు ఒకే వసారాలో ఎదురెదురుగా నిలిపితిమి. తప్పు మాదే.

ముసలి కుక్క ఉన్న యిండ్లవారికి మరొక మాట. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్ అనుచోట 1914లో రాతిగని పనివారికి ఒక సమాధి దొరకినది; పురుషుడు, స్త్రీ, వారితో ఒక కుక్కపిల్ల. వయస్సు సుమారు 14,000 ఏండ్లు. దాని పళ్లను పరీక్షించి 2018లో ప్రకటించిన నిర్ణయము ప్రకారము, అది డిస్టెంపర్ వంటి జబ్బుతో పలుమారులు తీసుకొని, ఏడు నెలలు నిండకయే మరణించినది. ఎవరో కూర్చుండి సాకనిదే అన్నినాళ్లు బ్రతికియుండదు. ఆ జబ్బు నేటికిని కొత్త పిల్లతోబాటు ఇంటికి రాగలదు. టీకాలు పూర్తియగువరకు కొత్తదానిని పాత కుక్కతో ముక్కుముక్కు తాకనీయకుండుటయు, పశువైద్యుని మొదటనే కలియుటయు అవసరము.

మా యింట తరువాత కాపరుల ఉన్నిపడక గుర్తునకు వచ్చినది. పిల్లి పడుకొను పాత దుప్పటిలో ఒక ముక్క చించి కుక్కపిల్ల బుట్టలో వేసితిమి. కుక్కపిల్ల గుడ్డను పిల్లి అన్నపుపళ్లెము ప్రక్కన పరచితిమి. మొదటి రెండు దినములు పిల్లి పళ్లెమునే బహిష్కరించినది. మూడవనాడు ఆకలి గెలిచినది. పిదప తలుపు ఓరగా ఉంచి ఒకదాని నొకటి చూడనిచ్చితిమి, కుక్కపిల్లకు మాత్రము త్రాడు కట్టి. పిల్లికి ఎక్కి తప్పించుకొనుటకు బీరువా దారి ఎన్నడును మూయలేదు. ఆరవ వారమున అది తనంత తాను క్రిందికి దిగి, కుక్కపిల్ల ముక్కుపై ఒక దెబ్బ వేసి, అక్కడనే కూర్చున్నది. కుక్కపిల్ల ఒక అడుగు వెనుకకు జరిగి తానును కూర్చున్నది.

లవ్‌బర్డ్స్ పంజరమును మాత్రము వసారా దూలపు కొక్కెమునకే వ్రేలాడదీయుచున్నాము. కువోగారి లెక్కలో ఆ పదునెనిమిదింట మూడు ఉన్నవి కదా.