మంచు ప్రాంతాల్లో స్టాంప్డ్ కాంక్రీట్: అచ్చు ఎంచుకునే ముందు అడగాల్సినవి

తడి కాంక్రీటు మీద రబ్బరు అచ్చులు ఒత్తి, రంగు పట్టించి, రాతిపలకలు పరిచినట్టు కనిపించేలా చేసే గచ్చుని స్టాంప్డ్ కాంక్రీట్ అంటారు. బెంగళూరులోనూ చెన్నైలోనూ పుణెలోనూ అపార్టుమెంట్ల కార్లదారిలో దీన్ని చూస్తూనే ఉన్నాం. టొరంటో, మినియాపోలిస్, డెట్రాయిట్, షికాగో చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన పిల్లలు కూడా పెరట్లోనో వాకిట్లోనో ఇదే వేయించుకోవాలనుకుంటారు. అప్పుడు ఇక్కడికి ఫోన్ వస్తుంది. ఇల్లు కట్టించిన అనుభవం ఉన్న పెద్దవాళ్లు తోచిన సలహా చెబుతారు: సిమెంటు పాలు ఎక్కువ వేయించు, వారం రోజులు మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టు, మేస్త్రీ పక్కనే ఉండి చూసుకో. చివరి మాట ఎక్కడైనా చెల్లుతుంది. మిగతావి మన ఎండలకు పుట్టిన సలహాలు. అక్కడ గచ్చుని పాడుచేసేది ఎండ కాదు, గచ్చులో చేరి గడ్డకట్టే నీరు.

ఈ పని పుట్టింది కూడా చలి దేశంలో కాదు. 1950ల్లో కాలిఫోర్నియా తీరంలో బ్రాడ్ బౌమన్ అనే కాంట్రాక్టరు దీన్ని రూపుదిద్దాడు. ఆ తీరంలో నేల గడ్డకట్టదు. ఆ నమూనాలనే మినెసోటాకో ఒంటారియోకో తీసుకెళ్లినప్పుడు అచ్చు మారనక్కర్లేదు కానీ అచ్చు కింద ఉన్నదంతా మారాలి.

గడ్డకట్టే నీరు చేసే పని

నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటులో కంటికి కనబడని సన్నటి రంధ్రాలు ఎన్నో ఉంటాయి. వాటిలో నీరు నిండి ఉన్నప్పుడు చలి పడితే, ఉబ్బడానికి చోటు లేక లోపలి నుంచి ఒత్తిడి పుడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం ఒకే శీతాకాలంలో పదేపదే జరుగుతుంది. అలా జరిగి జరిగి పైపొర రేకులుగా లేస్తుంది. మన మాటల్లో పెచ్చులూడడం. మామూలు బూడిదరంగు గచ్చు పెచ్చులూడితే చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు. స్టాంప్డ్ గచ్చులో ఖరీదంతా ఆ పైపొరలోనే ఉంది. అది లేచిపోతే అచ్చు పోతుంది, రంగూ పోతుంది, పెట్టిన డబ్బూ పోతుంది.

దీనికి విరుగుడు 1930ల్లో అమెరికా రోడ్ల మీద దాదాపు అనుకోకుండా దొరికింది. కొన్ని రోడ్లు చలికి పాడవుతుంటే కొన్ని మాత్రం నిలబడ్డాయి. ఎందుకని ఆరా తీస్తే, ఆ సిమెంటును మరలో నూరేటప్పుడు కలిపిన కొవ్వు వల్ల కాంక్రీటులో సూక్ష్మమైన గాలి బుడగలు ఏర్పడ్డాయని తేలింది. గడ్డకట్టే నీటికి ఆ బుడగలే చోటిస్తాయి. ఇప్పుడు అదే పనికి ద్రావణాలు ఉన్నాయి. వాటిని ప్లాంటులోనే కలుపుతారు. ఇలాంటి కాంక్రీటుని ఎయిర్ ఎంట్రెయిన్డ్ అంటారు. మన దగ్గర ఇళ్ల పనుల్లో ఈ మాట దాదాపు వినబడదు, మనకు దాని అవసరం లేదు కాబట్టి.

కెనడా ప్రమాణంలో, మంచు కరిగించే ఉప్పు తగిలే బయటి గచ్చుల తరగతికి సి-2 అని పేరు. దానికి కనీస బలం 32 మెగాపాస్కల్, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు, మామూలు కంకర సైజుకు గాలి 5 నుంచి 8 శాతం ఉండాలి. అమెరికా నివాస గృహాల కోడ్ తీవ్రమైన చలి ప్రాంతాల్లో బయటి మెట్లకు, వరండా గచ్చులకు చదరపు అంగుళానికి కనీసం 3,500 పౌండ్ల బలం, 5 నుంచి 7 శాతం గాలి అడుగుతుంది. కారు మీద నుంచి రోడ్డు ఉప్పు కారే చోట 4,500 పౌండ్లు కోరడం మంచిదని మా అభిప్రాయం. కాంక్రీటు లారీతో వచ్చే చీటీలో ఈ వివరాలుంటాయి. పని జరిగే చోటే గాలి శాతం కొలిచే పరికరం కూడా ఉంది. కొలిచి చూపించమంటే మంచి కాంట్రాక్టరు చిన్నబుచ్చుకోడు.

నిష్పత్తి గురించి ఒక మాట. గట్టిగా ఉన్న మిశ్రమం మీద అచ్చు ఒత్తడం కష్టం. అందుకని జారుగా చేయడానికి లారీలో నీళ్లు పోయించే అలవాటు అక్కడా ఉంది, ఇక్కడి మేస్త్రీలకు మాత్రమే పరిమితం కాదు. అలా పోసిన ప్రతి బాల్టీ నీరూ ఆరిపోయాక రంధ్రాలు మిగిల్చి వెళుతుంది. జారుగా కావాలంటే దానికి వేరే ద్రావణం ఉంది, నీరు అక్కర్లేదు. ఇంకా పెద్ద తప్పు పైపొర ఆరుతోందని చేత్తో నీళ్లు చిలకరించి తాపీతో రుద్దడం. అడుగున కాంక్రీటు ఎంత మంచిదైనా ఆ పైపొర బలహీనమవుతుంది. రెండో శీతాకాలానికి పెచ్చులు లేచిన గచ్చుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

నేల, వాటం, జాయింట్లు

మినెసోటాలో పునాది ఎంత లోతుకు వెళ్లాలో కోడ్ చెబుతుంది: దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు. టొరంటోలో సుమారు 1.2 మీటర్లు. నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి పునాది దింపడమే దీని ఉద్దేశం. మన గచ్చు మాత్రం 4 అంగుళాల మందంతో ఆ గడ్డకట్టే మట్టి మీదే కూర్చుంటుంది. మెత్తటి ఒండ్రు మట్టి, బంకమట్టి కింది తడిని పైకి పీల్చుకుంటాయి. అక్కడ మంచు పొరలు పేరుకుని గచ్చుని పైకెత్తుతాయి. వసంతంలో దిగుతుంది, కానీ ఎత్తినంత సమంగా దిగదు.

అందువల్ల పై మట్టి తీసేసి 6 నుంచి 8 అంగుళాల కంకర పరిచి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాలి. నీరు కంకరలోంచి జారిపోయే దారి ఉండాలి. ఇంటి గోడకీ గచ్చుకీ మధ్య అర అంగుళం మెత్తటి పట్టీ పెట్టాలి. ఇల్లు కదలదు, గచ్చు కదులుతుంది. రెంటినీ అతికిస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది. కొత్తగా కట్టిన ఇల్లయితే పునాది చుట్టూ పూడ్చిన మట్టి ఇంకా కుంగుతూ ఉంటుంది. దాని మీద వెంటనే గచ్చు వేస్తే వాటం ఇంటివైపు తిరిగి వాననీరు బేస్‌మెంటులోకి దిగుతుంది. ఒకటి రెండేళ్లు ఆగితే పోయేదేమీ లేదు. వాటం అడుగుకి పావు అంగుళం, ఇంటి నుంచి బయటికి. కప్పు మీది నీరు దించే గొట్టాలు గచ్చు మీదకి కాకుండా దాన్ని దాటి పడాలి. లేకపోతే ఆ నీరే రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది. వెళ్లిన అమ్మానాన్నలు పొద్దున్నే తలుపు తీసి మొదటి అడుగు వేసేది అక్కడే.

జాయింట్ల దగ్గర ఇంటివాళ్లకీ కాంట్రాక్టరుకీ తరచూ గొడవ వస్తుంది. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది, పగులుతుంది. ఆ పగులు ఎక్కడ రావాలో ముందే గీత కోసి చెప్పడమే కంట్రోల్ జాయింటు పని. 4 అంగుళాల గచ్చుకి 8 నుంచి 10 అడుగులకొకటి, లోతు మందంలో నాలుగో వంతు. అందమైన రాతి నమూనా మధ్యలో నిలువుగా రంపపు గీత పడితే ఎవరికీ నచ్చదు. వద్దన్నారని కాంట్రాక్టరు మానేస్తాడు. తర్వాత గచ్చు తన ఇష్టం వచ్చిన చోట వంకరగా చీలుతుంది, ఆ చీలికలోకి నీరు దిగుతుంది. అచ్చుల వరస మొదలుపెట్టేటప్పుడే నమూనాలోని గీతలు జాయింటు గీతలతో కలిసేలా వేసుకుంటే ఇద్దరికీ తంటా ఉండదు. లోపల ఇనుప వల వేసినా, నారలు కలిపినా పగులు రాకుండా ఆగదు. వచ్చిన పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచుతాయి, అంతే.

రంగు, అచ్చు, కాలం

రంగు రెండు దారుల్లో వస్తుంది. మొత్తం మిశ్రమంలో కలిపేది ఒకటి, పైన పొడిగా చల్లి రుద్దేది ఇంకొకటి. పొడి రంగు మెరుపుగా ఉంటుంది, పైపొరని గట్టిపరుస్తుంది కూడా. కానీ గాలి బుడగలున్న కాంక్రీటు పైకి తడి తక్కువగా వదులుతుంది, ఆ పొడి సరిగ్గా తడిసి కలవడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి. అందుకే చలి ప్రాంతాల్లో మిశ్రమంలో కలిపే రంగే మేలని మేమంటాం. ఎక్కడైనా పెచ్చు లేచినా అడుగున అదే రంగు కనిపిస్తుంది. లోతైన గీతలున్న నమూనాల్లో నీరు నిలుస్తుంది, మంచు పార తట్టుకుంటుంది. మన షాబాదు బండ ముఖంలా గీతల్లేని, నిస్సారమైన రాతి గరుకు ఉన్న అచ్చు వాడుకకి హాయి. ముగ్గు వేద్దామనుకునేవారు మాత్రం గడప ముందు రెండడుగులు నున్నగా వదిలించుకోవాలి, ఆ గరుకు మీద చుక్క నిలవదు.

పని మేలో మొదలుపెట్టి సెప్టెంబరు మధ్యకి ముగించాలి. గాలి వేడి 4 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గే సూచన ఉంటే మామూలు పద్ధతిలో కాంక్రీటు పోయకూడదు. చలిలో త్వరగా గట్టిపడాలని కలిపే కాల్షియం క్లోరైడ్ రంగు కాంక్రీటుపై మచ్చలు తెస్తుంది. క్లోరైడు లేని ద్రావణం అడగాలి. మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టే మన పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు. రంగు ఎగుడుదిగుడుగా తేలుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పినా దాని ముడతలు గచ్చు మీద అచ్చుపడతాయి. రంగు గచ్చుకి సరిపడే క్యూరింగ్ ద్రావణం చల్లిస్తారు. ఆపైన తొలి చలి వచ్చేలోగా కనీసం ఒక నెల ఆరే వ్యవధి దొరకాలి. సెప్టెంబరు గడువు అందుకే.

మొదటి శీతాకాలం

మొదటి శీతాకాలంలో గచ్చు మీద ఉప్పు వేయకూడదు. జారకుండా ఇసుక చల్లుకోవచ్చు. తర్వాతి ఏళ్లలోనూ అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఉన్న కరిగింపు పొడులు అసలు వద్దు, అవి కాంక్రీటునే తింటాయి. సంచి మీద కూర్పు చదివి కొనాలి. సున్నాకి 9 డిగ్రీలు కిందికి దిగాక మామూలు రాతి ఉప్పు ఎలాగూ పెద్దగా పనిచేయదు. మంచు తోసే పారకి ప్లాస్టిక్ అంచు ఉండాలి.

పైన పూసే సీలరు రంగుని నిలుపుతుంది, తడిని ఆపుతుంది. రెండు మూడేళ్లకొకసారి మళ్లీ పూయాలి, పలచగా, 10 డిగ్రీలకు పైన వేడి ఉన్న పొడి రోజుల్లో. మందంగా పూస్తే లోపలి తడి బయటికి రాలేక తెల్లగా పాలిపోతుంది. మెరిసే సీలరు తడిస్తే జారుతుంది కూడా. అందులో కలిపే గరుకు పొడి దొరుకుతుంది. పెద్దవాళ్లు వచ్చిపోయే ఇంట్లో అది లేకుండా పూయించవద్దు, ముఖ్యంగా మెట్ల మీద.

కారుదారికి ఇది వేయించాలా అని అడిగితే, మేము వద్దంటాం. ఉప్పు, బరువు, మంచు తోసే యంత్రం మూడూ అక్కడే కలుస్తాయి. పెరటి గచ్చుకి, వాకిలికి బాగుంటుంది. నేల మరీ బంకమట్టి అయితే విడి రాతి ఇటుకలు పరిపించుకోవడం తెలివి. ఎత్తిపోయినవాటిని తీసి, కంకర సరిచేసి, మళ్లీ పేర్చుకోవచ్చు. స్టాంప్డ్ గచ్చులో ఒక మూల పాడైతే అతుకు వేసినా రంగు కలవడం అరుదు. అందుకని లారీ చీటీ, రంగు పేరూ నంబరూ, సీలరు డబ్బా మీది పేరూ ఒక కవరులో దాచి, ఇల్లు అమ్మేటప్పుడు కొన్నవారికి అప్పగించాలి.